నార కట్టు, దారం కట్టు

మృణాళినికి ఆ డిసెంబరు నెలలో ఆకలి లేదు, నిద్ర లేదు, తల దువ్వుకోవాలన్న ధ్యాస అంతకంటే లేదు. ఉన్నవల్లా పన్నెండు మొక్కలు. అరవదేశపు పట్నం శివార్లలో, మాధవరం పాలకాలనీ దాటాక, యూనివర్సిటీవాళ్ళు అద్దెకు తీసుకున్న అరెకరం తోటలో పన్నెండు డిసెంబరాల మొక్కలు. ఇరవై ఏడేళ్ళ పిల్ల పెళ్ళి మాట ఎత్తనివ్వకుండా పూలమొక్కల మీద బెంగ పెట్టుకోవడమేమిటని పట్నంలో తెలుగువాళ్ళుండే చూలైలో వాళ్ళ వీధంతా నవ్వుకుంది. నవ్వితే నవ్వనివ్వండి. ఆ మొక్కలు ఏ రంగు పూస్తాయన్నదాన్ని బట్టి ఆ పిల్ల మూడేళ్ళ చదువు నిలుస్తుందో గంగలో కలుస్తుందో తేలబోతోందని వీధికేం తెలుసు.

సంగతేమిటంటే, ఆ తోటలో పంపుషెడ్డు పక్కన ఒక పాత డిసెంబరాల పొద ఉంది. దాని పూలు తెలుపు మీద ఊదా చారలు. చూడముచ్చటగా ఉంటాయి. అయితే ఆ పొదలోనే ఒక కొమ్మ మాత్రం చారల సంగతి మరిచిపోయి, ఏళ్ళ తరబడి ఒట్టి తెల్లగా పూస్తోంది. ఆ కొమ్మను ముక్కలు చేసి నాటితే, ముక్కలూ తెల్లగానే పూస్తాయి. ఒకటే పొద, ఒకటే వేరు. మరి ఆ కొమ్మలో ఊదా ఏమైనట్టు? పోయిందా, దాక్కుందా? మృణాళిని మూడేళ్ళుగా పట్టుకుని వేలాడుతున్నది ఈ ఒక్క ప్రశ్ననే.

పోలేదు, దాక్కుందని ఆమె నమ్మకం. ఊదారంగు తయారుచెయ్యమని చెప్పే జన్యువు ఆ తెల్లకొమ్మలోనూ చెక్కు చెదరకుండా ఉంది. కాకపోతే ఆ డీఎన్ఏ మీద మిథైల్ అనే ఒక చిన్న గుర్తు అక్కడక్కడా వచ్చి కూర్చుంది. ఒక కార్బను, మూడు హైడ్రోజన్లు, అంతే దాని బతుకు. కానీ ఆ గుర్తు పడిన జన్యువును కణం చదవడం మానేస్తుంది. కణం రెండుగా చీలినప్పుడల్లా డీఎన్ఏతో పాటు ఆ గుర్తుకూ నకలు దిగుతుంది కనుక కొమ్మ పొడుగునా తెలుపే. ఒకే మొక్కలో ఒకే డీఎన్ఏ ఉండి కూడా ఆకు ఆకులాగా, పువ్వు పువ్వులాగా పెరగడంలో ఇలాంటి గుర్తుల చెయ్యి ఉండవచ్చని అప్పుడప్పుడే పత్రికల్లో రాస్తున్నారు. మృణాళిని ఆ పత్రికలను అన్నం తింటూ చదివేది, పప్పు మరకలు వాటి మీదే పడేవి.

ఎండాకాలంలో ఆవకాయ కలిపి జాడీ మూతికి గుడ్డతో వాసెన కడుతున్న తల్లి కమలాంబకు కూడా ఈ ముక్కే చెప్పింది.

“ఇదే అమ్మా నా చదువు. జాడీలో ఆవకాయ ఉంది. నువ్వు పైన వాసెన కట్టేస్తివి. అది విప్పేదాకా కంచంలోకి రాదు. రానంత మాత్రాన లేదంటామా?”

“అయితే విప్పి చూడు” అంది కమలాంబ ముడి బిగిస్తూ. “దానికి మూడేండ్లు ఎందుకంటా?”

అంత సులువుగా ఒప్పుకునే మనిషి కాడు ప్రొఫెసర్ త్యాగరాజు. మృణాళిని పరిశోధనకు ఆయనే పెద్ద. యాభై ఎనిమిదేళ్ళవాడు, ఎప్పుడూ చేతిలో నల్ల గొడుగు, నుదుటి మీద సన్నటి నామం, నోట్లో ఒకటే మాట. రంగు తప్పిందంటే విత్తనమో కొమ్మో కలగాపులగం అయినట్టే, ఇంకో కారణం లేదు. ఇరవై ఏళ్ళకు పైగా పిల్లలకు అదే పాఠం చెప్పాడు. మృణాళిని వాసెన కథ విని మొహం ముడుచుకున్నాడు. అయినా ఆ పిల్ల పట్టు విడవకపోయేసరికి ఒక షరతు పెట్టాడు.

“నీ తెల్లకొమ్మ ముక్కలు పన్నెండు నాటుకో. ఆ గుర్తులు కొత్త కణాల్లో పడకుండా చేసే మందేదో ఉందన్నావే, అజాసైటిడిన్, అది ఆరింటికి పట్టించు. మిగతా ఆరింటికి ఒట్టి నీళ్ళు. పూసిన రోజు నేనొచ్చి నా కళ్ళతో చూస్తాను. మందు తాగినవాటిలోనే ఊదా వచ్చి, నీళ్ళు తాగినవి తెల్లగా ఉంటే ఈ పనే నాలుగో ఏడూ చేసుకోమనే కాగితం మీద సంతకం పెడతాను. నీళ్ళవాటిలో ఒక్క ఊదా పువ్వు కనపడినా కొమ్మలు కలిసిపోయినట్టే. అప్పుడు మారుమాట లేకుండా ఆకులు సన్నగా కోసి మైక్రోస్కోపు కింద చూసుకుంటూ వేరే థీసిస్ మొదలుపెట్టుకోవాల. సరేనా?”

సరేనంది. అనక ఏం చేస్తుంది.

జూన్‌లో ఆరు ముక్కలను మందులో, ఆరింటిని నీళ్ళలో నానబెట్టి, కడిగి నాటింది. మందు తాగినవి పాపం కురచగా, పీలగా పెరిగాయి. అక్టోబరులో చిగుళ్ళన్నీ ఒకేసారి తుంచింది, మొదటి విడత పూలన్నీ ఒక్కరోజే విచ్చాలని. వాటికి కాపలా మునియక్క. యూనివర్సిటీవాళ్ళు రాకముందునుంచీ తోటపని ఆమెదే. అరవై దగ్గర పడుతున్న మనిషి, పూలు కట్టడంలో మాధవరంలో ఆమెను మించినవాళ్ళు లేరు. పంపుషెడ్డు పక్కన ఆ పాత పొదను ఎప్పుడో నాటింది కూడా ఆమే. ఎక్కడినుంచి తెచ్చావని అడిగితే నవ్వి, చీపురు తీసుకుని అవతలికి పోయేది. జూలైలో త్యాగరాజు ఒకసారి తోట చూడడానికి వస్తే, ఆయన వెళ్ళేదాకా మునియక్క పంపుషెడ్డు వెనకనుంచి బయటికి రాలేదు. పెద్దవాళ్ళంటే బెరుకు కాబోలు అనుకుంది మృణాళిని.

డిసెంబరు పంతొమ్మిది, శుక్రవారం. గురువారం సాయంత్రానికే మొగ్గలన్నీ రేపో మాపో అన్నట్టు ఉబ్బి ఉన్నాయి. మృణాళిని తెల్లవారకముందే లేచి, తోటకు పోకుండా, నేరుగా ప్రొఫెసర్ గారింటికి పోయింది. ఆయన చూడకముందు తాను చూస్తే, ఏదో సర్దేసిందని అంటాడేమోనని భయం. ఆయన పూజ, ఆయన ఇడ్లీ, ఆయన గొడుగు వెతుకులాట, అన్నీ అయ్యేసరికి ఎనిమిదిన్నర. దారిలో గాలి మొదలైంది. బస్సు కిటికీ రేకులు దడదడలాడాయి. మాధవరం బస్టాండులో దిగి ఇద్దరూ తోటలోకి పోయారు.

పన్నెండు మొక్కలూ పచ్చగా ఉన్నాయి. పచ్చగా మాత్రమే ఉన్నాయి. ఒక్క పువ్వు లేదు.

మృణాళిని ఒంగి ఒక్కో మొక్కనూ తడిమి చూసింది. ఉబ్బిన మొగ్గలున్న చోటల్లా ఖాళీ తొడిమలు, అక్కడక్కడా ఇంకా విచ్చని మొగ్గలు. త్యాగరాజు గొడుగు భుజాన వేసుకుని గేటు వైపు చూశాడు.

గేటు కాపలా అరుముగం బీడీ పారేసి వచ్చాడు. “మునియక్క పొద్దున్నే అన్నీ కోసేసి, కట్టేసి, తట్టలో పెట్టుకొని బస్సెక్కిందమ్మా. పాప ఇంట్లో ఇచ్చేసి వస్తానని చూలై పోయింది” అన్నాడు.

ఏడుపు, కోపం, రెండూ ఒకేసారి పొంగుకొచ్చాయి మృణాళినికి. ఆరు నెలలు కంటికి రెప్పలా కాపాడిన మనిషి, ఇవాళ, సరిగ్గా ఇవాళే ఇలా కొంప ముంచుతుందా అనుకుంది. అయినా కట్టింది అన్న మాట చెవిన పడగానే ఎక్కడో చిన్న ఆశ లేచింది. “సార్, ఒక్కసారి మా ఇంటికి రండి” అంది. ఆయన గడియారం చూసుకున్నాడు. ఆ పిల్ల మొహం కూడా చూశాడు. ఆటో ఎక్కాడు.

చూలైలో వాళ్ళ ఇంటి అరుగు మీద మునియక్క రెండో గ్లాసు కాఫీ తాగుతోంది. త్యాగరాజును చూసి గ్లాసు కింద పెట్టేసి, స్తంభం చాటుకు జరిగింది.

“మునియక్కా, పూలెందుకు కోసినావు?” అంది మృణాళిని.

“ఏం చేసేది పాపా, కోడికూతకే గాలి లేచింది. డిసెంబరాలు గాలికి నిలుస్తాయా? కొంచేపు చూసినా. ఒకటొకటే రాలతా ఉండాయి. ఇట్లే వదిలితే మందుచెట్ల పూలు, నీళ్ళచెట్ల పూలు అన్నీ బురదలో ఒకటే కుప్ప. నీ లెక్క ఏమయ్యేది? అందుకని కోసేసినా. కలవకుండా రెండు దండలు కట్టినా. మందుచెట్లవి అరటినారతో, నీళ్ళచెట్లవి నూలుదారంతో. నాకు చీటీ రాసేదానికి సదువు లేదు కదా.”

మృణాళినికి పోయిన ప్రాణం లేచి వచ్చింది. ఇందాక తోటలో మనసులో తిట్టిన తిట్లన్నిటికీ సిగ్గేసింది. త్యాగరాజు గొడుగు దించి నేలకు ఆనించాడు.

“రెండు దండలు” అన్నాడు. “ఎక్కడున్నాయి?”

మునియక్క ఇంటిలోపలికి చూసి తల దించుకుంది. “అమ్మ చేతికిచ్చినా సామీ. కాఫీ తాగి తిరిగేలోపల తట్ట ఖాళీ.”

మృణాళిని లోపలికి పరుగెత్తింది. కమలాంబ పూజగది ముందు పసుపు కుంకుమల పళ్ళెం సర్దుతోంది. అమ్మవారి పటానికి ఒక మూర డిసెంబరాలు. కమలాంబ తలలో ఒక మూర. అంతే.

“అమ్మా, మిగతా పూలేవే?”

“వచ్చినావా మే. ఎంత బాగుండాయో పూలు. ధనుర్మాసం శుక్రవారం కదా, వీధిలో ఆడోళ్ళని పిలిచి మూర మూర కోసి పంచినా.”

“అవి లెక్కకమ్మా.”

“శుక్రవారం పూట ఇంటికి పూలొస్తే లెక్కకని ఎవరనుకుంటారే? ఒక చీటీ అన్నా అతికించి పంపి ఉండకూడదా?”

మృణాళిని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ఎనిమిది ముక్కలు. ఒకటి పటానికి, ఒకటి కమలాంబకు, ఆరు వీధిలో ఆరుగురి తలల్లో. మృణాళిని బయటికి వచ్చి ప్రొఫెసర్ వైపు తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు. త్యాగరాజు అరుగు మీద కూర్చుని, జేబులోంచి నోటుబుక్కు తీసి, పెన్ను మూత విప్పాడు.

“నార ఉంది, దారం ఉంది” అన్నాడు. “ఏ పువ్వు ఏ మొక్కదో చెప్పే గుర్తు ఇంకా పూలకిందే ఉంది. నువ్వు ఏడుస్తా నిలబడితే వాళ్ళు తలా ఒక దిక్కు పోతారు. పిలువు.”

ఆ తర్వాత జరిగినదాన్ని చూలైలో ఆ వీధివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. కమలాంబ గడప గడపకూ పోయి పిలుచుకొచ్చింది. తలలో పూలు తీసి ఇస్తే సరిపోతుంది కదా అని మృణాళిని అనబోతే, “శుక్రవారం పెట్టుకున్న పూలు తలలోనుంచి తీయమని నేను ఎవరినీ అడగను” అని కమలాంబ ఖండితంగా చెప్పేసింది. దాంతో ఆడవాళ్ళు అరుగు మీద వరసగా, గోడవైపు మొహాలు పెట్టి కూర్చున్నారు. వాళ్ళ వెనక ప్రొఫెసర్ త్యాగరాజు, జీవితంలో ఎన్నడూ పరాయి ఆడదాని జడ వంక తల ఎత్తి చూసి ఎరగని మనిషి, కళ్ళజోడు సవరించుకుంటూ, పెన్ను కొసతో గాలిలో చుక్కలు పెడుతూ పూలు లెక్కపెట్టాడు.

“ముందు నేను రంగు లెక్కపెడతాను. ఆ తర్వాతే కింద నారో దారమో నువ్వు చూసి చెప్పాల. ముందు చెప్పినావంటే నా కన్ను పక్షపాతం చేస్తుంది” అన్నాడు.

“సార్, కొంచెం సీక్రం” అంది వరసలో రెండో ఆమె, పక్కవీధి బళ్ళో మధ్యాహ్నం పూట టీచరు సీతాలక్ష్మి. “పొయ్యి మీద సాంబారు ఉండాది.”

“కదలొద్దమ్మా, మళ్ళీ మొదటినుంచి వస్తుంది.”

అరుగు మీద నవ్వులు. నవ్వితే పూలు ఊగుతాయని ఆయన కసురుకోవడం, దానికి మళ్ళీ నవ్వులు. మృణాళిని తలపిన్నుతో ముక్క నడుమ పూలు మెల్లగా పక్కకు తప్పించి కట్టు చూసింది. సీతాలక్ష్మి తలలో ముప్పై తొమ్మిది, అన్నీ తెలుపు. దారం. ఆ పక్కామె తలలో ఇరవై ఆరు, ఏడింటికి ఊదా చారలు. నార. త్యాగరాజు రాసుకున్నాడు. అయిదుగురూ అయ్యారు. పటానికి ఉన్నదీ, కమలాంబదీ అయ్యాయి. దారం ముక్కలు నాలుగు, వాటిలో ఒక్క ఊదా చార కూడా లేదు. నార ముక్కలు మూడు, డెబ్బై నాలుగు పూలు, పంతొమ్మిదింటికి ఊదా.

ఆయన ఆ అంకెల కింద గీత గీయలేదు. “ఇంకొకటి ఉండాల” అన్నాడు.

“కోకిల” అంది సీతాలక్ష్మి. “మూడో ఇంటి కోకిల. తిరువొత్తియూరులో కంపెనీ ఆఫీసులో పని. ఊదా చీర కట్టింది కదా, ఊదా పూలు ఎక్కువుండే ముక్క ఏరుకొని పెట్టుకునింది. ఇప్పుడే బస్టాపుకు పోయినాది.”

అరుగు మీద నవ్వు ఆగింది. ఎనిమిదో ముక్కలో ఊదా పూలున్నాయి. వాటి కింద నార ఉంటే సరే. దారం ఉంటే, ఇంతసేపూ లెక్కపెట్టినదంతా ఒట్టిదే. చీకట్లో, గాలిలో, రెండు దండల మధ్య మునియక్క చెయ్యి ఒక్కసారి తప్పినా అంతే. మృణాళిని ఆమె వైపు చూసింది. మునియక్క స్తంభం చాటునుంచే తల అడ్డంగా ఆడించింది, తప్పలేదు పాపా అన్నట్టు.

త్యాగరాజు గొడుగు అరుగు మీదే వదిలేసి వీధిలో పడ్డాడు. పెద్దమనిషి పరుగెత్తడం ఆయన శిష్యులెవరూ ఎన్నడూ చూడలేదు, ఆ రోజు మృణాళిని చూసింది. ఆమె వెనక కమలాంబ, కమలాంబ వెనక సగం వీధి.

బస్టాపులో బస్సు వచ్చి ఆగింది. కోకిల ఒక కాలు ఫుట్‌బోర్డు మీద పెట్టింది.

“కోకిలా, దిగవే. ఒక్క నిమిషం వెనక్కి తిరిగి నిలబడు” అంది మృణాళిని రొప్పుతూ.

“ఏమైంది అక్కా? జడలో ఏమన్నా పాకిందా?” కోకిల బెదిరిపోయి దిగి తిరిగింది.

ప్రొఫెసర్ లెక్క మొదలుపెట్టాడు. కండక్టరు ఈల నోట్లో పెట్టుకున్నవాడు, ఈ తతంగం చూసి తీసేశాడు. కిటికీల్లోంచి తలలు బయటికి వచ్చాయి. పన్నెండో పువ్వు దగ్గరనుంచి బస్సులోవాళ్ళు కూడా అరవంలో కొందరు, తెలుగులో కొందరు ఆయనతోపాటు పైకే లెక్కపెట్టారు. ముప్పై ఒకటి. అందులో పన్నెండింటికి ఊదా.

“ఇప్పుడు చూడు” అన్నాడు త్యాగరాజు.

మృణాళిని పిన్నుతో చివరి పువ్వు పక్కకు తప్పించింది. కింద తెల్లటి నూలుదారం.

ఆయనే వంగి చూశాడు. “దారం” అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో గెలిచిన సంబరం లేకపోవడం మృణాళిని గమనించింది. ఆమె మూడేళ్ళూ కళ్ళ ముందే కూలిపోయాయి.

“ఏం దారం?” కమలాంబ ఆయాసపడుతూ వచ్చి మధ్యలో దూరింది. “అది నేను వేసిన ముడి. నారదండను మధ్యలో కోస్తే కొస జారి పూలు రాలిపోవా? అందుకని నా కుట్టుదారంతో కొసన ముడేసినా. కొసను వదిలి లోపలికి చూడండి సార్.”

ఈసారి పిన్ను త్యాగరాజు చేతిలోకి పోయింది. రెండో పువ్వు తప్పించాడు, మూడోది తప్పించాడు, ముక్క పొడుగునా ఆ కొసనుంచి ఈ కొస దాకా చూశాడు. ఎండుగడ్డి రంగులో, తడి ఆరని అరటినార.

“నార” అన్నాడు. మళ్ళీ ఇంకోసారి, తనకు తానే చెప్పుకుంటున్నట్టు, “అంతా నారే.”

మృణాళిని నడివీధిలో కోకిలను కావలించుకుంది. ఎందుకో తెలియకపోయినా కోకిల కూడా ఆమెను కావలించుకుంది. కండక్టరు ఈల వేశాడు, బస్సులో ఎవరో చప్పట్లు కొట్టారు, కోకిల ఊదా పూలతో తిరువొత్తియూరు పోయింది.

తిరిగి ఇంటి అరుగు మీదికి వచ్చాక త్యాగరాజు మంచినీళ్ళు అడిగి తాగాడు.

“ఇది థీసిస్‌లో రాసేది కాదు” అన్నాడు. “ఆడవాళ్ళ తలల్లో లెక్క ఎవడూ ఒప్పుకోడు. ఇంకా మొగ్గలున్నాయి. రేపు తెల్లవారేసరికి నేనే తోటలో ఉంటాను. సంతకం మాత్రం ఇవాళే పెడతాను.”

మృణాళిని కాగితం ఇచ్చింది. ఆయన తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడే కాని పెన్ను తెరవలేదు.

“ఇరవై మూడేళ్ళ కింద, అరవై మూడులో నేనూ పెంచాను ఇవే పూలు, కాలేజీ తోటలో. చారల పొదలు, నలభై. రెండో ఏడు వాటిలో తెల్లకొమ్మలు లేచాయి. కొమ్మలు కలిసిపోయాయి, నా పని పాడైపోయిందనుకున్నాను. కూలివాళ్ళను పెట్టి నలభై పొదలూ వేళ్ళతో పీకించి గోడ అవతల పారేయించాను.” ఆయన ఒళ్ళో కాగితం మడత సరిచేశాడు. “దాక్కుందేమో అని ఒక్కసారి కూడా అనుకోలేదు. చేతిలో ఉన్నదాన్ని చేజేతులా పారేసుకున్నాను. ఆ తర్వాత ముప్పై అయిదేళ్ళ వయసులో చేసిన తప్పునే పాఠంగా చెబుతూ వచ్చాను.”

మృణాళినికి ఆ పెద్దాయన మీద అంతవరకూ ఉన్న కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు.

స్తంభం చాటునుంచి మునియక్క ఇవతలికి వచ్చింది. కొంగు నడుముకు దోపుకుని ఆయన ఎదురుగా నిలబడింది.

“నలభై కాదు సామీ, ముప్పై తొమ్మిదే” అంది.

త్యాగరాజు తలెత్తాడు.

“ఆ పొద్దు పీకిన కూలిదాన్ని నేనే. మొగ్గలతో ఉండె చెట్టు, పారేసేదానికి చెయ్యి రాలేదు. ఒకటి కొంగులో చుట్టుకొని మాధవరం ఎత్తుకపోయినా. అడగకుండా ఎత్తుకపోయినానని తిడతారేమోనని ఇన్నాళ్ళూ మీ కంట పడకుండా తిరిగినా.”

మృణాళినికి పంపుషెడ్డు పక్కన పాత పొద కళ్ళముందు కదిలింది. తాను కోసిన తెల్లకొమ్మ, నాటిన పన్నెండు ముక్కలు, ఇవాళ ఒక పటం మీదా, ఏడు తలల్లోనూ తిరిగిన పూలు, అన్నీ ఆ ఒక్క దొంగిలించిన పొదనుంచి వచ్చినవే.

త్యాగరాజు అరుగు మీద కొంచెం పక్కకు జరిగి, “కూర్చోమ్మా” అన్నాడు. ఆమె మొహమాటపడితే మళ్ళీ అన్నాడు. ఆమె కూర్చున్నాక, పెన్ను మూత తీసి సంతకం పెట్టాడు.

“పొద్దున ఎన్ని గంటలకు తోట గేటు తీస్తావు?” అని అడిగాడు మునియక్కను.

“అయిదుకి సామీ.”

“నేను అయిదుకు ముందే వస్తా. నార, దారం నువ్వు తెచ్చుకో” అన్నాడు. కమలాంబ లోపలికి పోయి ఇద్దరికీ మళ్ళీ కాఫీ కలిపింది.